ఓట్ల తూకంలో నెగ్గిన గురువు - డాక్టర్ జాకీర్ హుస్సేన్

రాష్ట్రపతుల జీవితాలను గురించి విద్యార్థులు వ్రాసే వ్యాసాలను దిద్దేటప్పుడు ఒక వాక్యం దాదాపు ప్రతి సంవత్సరం నా కంట పడుతుంది. డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారిని 1967లో రాష్ట్రపతిగా చేశారన్నది ఆ వాక్యం. ఎవరు చేశారో, ఎట్లా చేశారో వ్రాసినవారికి తెలియదు. ఆ పదవిని ఒక మహమ్మదీయునికి దేశం ఇచ్చిన కానుకగా వారు భావిస్తున్నారని ఆ క్రియాపదమే పట్టిస్తుంది. నేను ఎర్రసిరాతో ఆ మాట కొట్టివేసి, పైన ఎన్నికయ్యారు అని వ్రాస్తాను. తెలుగు అధ్యాపకునిగా నా అధికారం అంతవరకే. మిగిలిన సంగతి చెప్పుకోవటానికి సంపాదకవర్గం వారు ఈ సంచికలో కొన్ని పుటలు అనుగ్రహించారు.

జాకీర్ హుస్సేన్ మన హైదరాబాదులో 1897 ఫిబ్రవరి 8వ తేదీన జన్మించారు. వారి పూర్వులు ఉత్తరాదిన ఫరూఖాబాదు జిల్లా కాయంగంజ్‌కు చెందిన పఠానులు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ నిజాం రాజ్యానికి వలస వచ్చి న్యాయవాదిగా పేరు గడించారు. ఏడుగురు అన్నదమ్ములలో జాకీర్ మూడవవారు. 1907లో, ఆయన పదేళ్ళ బాలుడుగా ఉండగానే తండ్రి మరణించటంతో కుటుంబం తిరిగి కాయంగంజ్ చేరింది. ఎటావాలోని ఇస్లామియా ఉన్నత పాఠశాలలో చదువుకొంటుండగా 1911లో తల్లి ప్లేగు వాతపడి కన్నుమూసింది. హైదరాబాదుతో ఆ ఇంటికి బంధం మాత్రం పూర్తిగా తెగలేదు. వారి తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ ఖాన్ తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్రాచార్యులుగా పనిచేశారు.

ఎటావా నుండి జాకీర్ అలీగఢ్ కళాశాలకు వెళ్ళారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ స్థాపించిన ఆ విద్యాలయంలో చదువుతూ, అక్కడే చిన్న అధ్యాపక పదవి కూడా నిర్వహిస్తున్న రోజులలో, 1920లో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాలయాలను విడిచిపెట్టమని వారు విద్యార్థులను కోరారు. వెళ్ళిపోతే ఉద్యోగం పోతుంది, పట్టా రాదు, ఇంటివారి ఆశలు అడియాసలవుతాయి. అన్నీ తెలిసే ఆయన బయటికి వచ్చారు. అట్లా వచ్చినవారి కోసం అదే సంవత్సరం అక్టోబరు 29వ తేదీన అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా వెలసింది. అప్పుడాయనకు ఇరవై మూడేళ్ళు.

1922లో ఉన్నత విద్యకై జర్మనీ వెళ్ళి, బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో పరిశోధన చేసి, 1926లో డాక్టరేటు పట్టం పొందారు. ఆ మధ్యలోనే ఒక ఉర్దూ ప్రియుడు చేయదగిన పని చేశారు. బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో గాలిబ్ దీవానును అందమైన చిన్న ప్రతిగా అచ్చు వేయించారు. ఇంతలో ఖిలాఫత్ ఉద్యమం చల్లారటంతో జామియాకు ధనసహాయం నిలిచిపోయింది. సంస్థను మూసివేయాలనే ఆలోచన నాయకులలో వచ్చింది. బెర్లిన్‌లో ఉన్న జాకీర్ హుస్సేన్, ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్‌లకు ఆ వార్త అందింది. మూయవద్దని, తాము ముగ్గురమూ వచ్చి అందులోనే పనిచేస్తామని వారు కబురు పంపారు. అన్న మాట నిలబెట్టుకొన్నారు.

1926లో వైస్ ఛాన్సలరుగా బాధ్యత స్వీకరించి 1948 వరకు, ఇరవై రెండేళ్ళ పాటు, జాకీర్ హుస్సేన్ ఆ సంస్థను నెత్తిన పెట్టుకొని నడిపారు. అప్పటికే జామియా ఢిల్లీకి మారింది. నెలకు నూట యాభై రూపాయలకు మించి జీతం తీసుకోకుండా ఇరవై ఏళ్ళు సేవ చేస్తామని అక్కడి అధ్యాపకులు ప్రతిజ్ఞ చేశారు. ఆ కొద్ది జీతమైనా నెలనెలా సక్రమంగా చేతికందేది కాదు. ఐరోపా పట్టా చేతిలో ఉన్న మనిషి ఏ సంస్థానంలోనైనా గొప్ప ఉద్యోగం సంపాదించగలిగిన కాలమది.

ఆ రోజుల ముచ్చట ఒకటి జామియాలో ఇప్పటికీ చెప్పుకొంటారు. పిల్లలు మురికి బూట్లతో బడికి వస్తున్నారు. ఎంత చెప్పినా వినరు. ఒకనాడు వైస్ ఛాన్సలరు గారే బ్రష్షు, పాలిషు పట్టుకొని ద్వారం దగ్గర కూర్చున్నారట. మరునాటి నుండి బూట్లు మెరిశాయట. ఆయన చిన్నపిల్లల కోసం ఉర్దూలో కథలు కూడా వ్రాశారు. అబ్బూఖాన్ మేక కథ మన ఉర్దూ విభాగం విద్యార్థులలో చాలామందికి తెలిసే ఉంటుంది. కట్టుగొయ్య దగ్గర దొరికే మేతను కాదని కొండెక్కి, తోడేలుతో రాత్రంతా పోరాడి తెల్లవారేసరికి నేలకొరిగిన మేక అది. ప్లేటో రిపబ్లిక్ గ్రంథాన్ని ఉర్దూలోకి తెచ్చిన పండితుడు ఆ మేకను కూడా అంతే శ్రద్ధతో సృష్టించారు.

1937లో వార్ధాలో గాంధీజీ ఏర్పాటు చేసిన విద్యామహాసభ తరువాత, చేతిపనితో ముడిపడిన ప్రాథమిక విద్యకు ప్రణాళిక రచించే సంఘానికి ఆయనే అధ్యక్షులయ్యారు. బేసిక్ విద్య అన్న పేరుతో మన పెద్దలు ఎరిగిన ఆ విధానం మంచిచెడ్డలు వేరే వ్యాసానికి తగిన విషయం.

ఇక్కడ నేను కొంచెం ఆగి 1946వ సంవత్సరం సంగతి చెప్పాలి. అది తెలియకపోతే 1967 అర్థం కాదు. 1909 నాటి మింటో-మార్లే సంస్కరణలతో మన దేశంలో మహమ్మదీయులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఏర్పడ్డాయి. ముస్లిం ఓటరు ముస్లిం అభ్యర్థికే ఓటు వేయాలి. ఇతరుల ఓటుతో ఆ అభ్యర్థికి పని లేదు, ఇతర అభ్యర్థులతో ఆ ఓటరుకు పని లేదు. అల్పసంఖ్యాకులకు రక్షణగా పుట్టిన ఆ ఏర్పాటు, క్రమంగా ఒక్కొక్క మతానికి ఒక్కొక్క వకాల్తాదారు అనే స్థితికి దారితీసింది. 1946లో తాత్కాలిక ప్రభుత్వ నిర్మాణానికై సంప్రదింపులు సాగుతున్నప్పుడు కాంగ్రెసు పక్షాన జాకీర్ హుస్సేన్ పేరు ముందుకు వచ్చింది. ముస్లిం సభ్యులను సూచించే హక్కు లీగుకు తప్ప మరెవరికీ లేదని జిన్నా గారు అభ్యంతరం చెప్పారు. చిత్రమేమిటంటే, ఇరవై ఏళ్ళుగా ముస్లిం బిడ్డలకు నూట యాభై రూపాయల లోపు జీతానికి చదువు చెబుతున్న మనిషి ముస్లింల ప్రతినిధి కాగలడా కాదా అన్నది ఆ రోజున వాదవస్తువయింది.

అదే సంవత్సరం నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. వివాదం మనస్సులో ఉంచుకోకుండా జాకీర్ సాహెబు జిన్నా గారిని, నెహ్రూ గారిని, మౌలానా ఆజాద్ గారిని ఒకే వేదికపై కూర్చుండబెట్టారు. దేశం నలుమూలలా మతకలహాలు రగులుతున్న సమయం. ఆ నాయకులను ఎదురుగా పెట్టుకొని, ఈ మంటను ఎవరు రాజేశారో తరువాత తేల్చుకోవచ్చు, ముందు ఆర్పమని ఆయన వేడుకొన్నారు. మంట ఆరలేదు. 1947 ఆగస్టులో కాశ్మీరుకు ప్రయాణమై వెళుతుండగా జలంధర్ స్టేషనులో అల్లరిమూక ఆయనను చుట్టుముట్టింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి ప్రాణం కాపాడారు.

1948లో ఆయనకు అలీగఢ్ విశ్వవిద్యాలయ బాధ్యత అప్పగించారు. ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం తాను వదలివచ్చిన చోటికే అధిపతిగా వెళ్ళటం, అదీ దేశవిభజన తరువాత ఆ విద్యాలయం అందరి అనుమానాలకూ గురి అయిన వేళ వెళ్ళటం తేలిక కాదు. 1956 వరకు అక్కడ ఉన్నారు. 1957లో బీహారు గవర్నరు అయ్యారు. 1962లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1963లో భారతరత్న లభించింది.

ఉపరాష్ట్రపతి ఎన్నిక సులభంగా అర్థమవుతుంది. పార్లమెంటు సభ్యులు మాత్రమే ఓటు వేస్తారు, ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు, అన్నీ సమానం. 1962లో జాకీర్ హుస్సేన్‌కు 568 ఓట్లు, ప్రత్యర్థికి 14 ఓట్లు వచ్చాయి. పోటీ అనటానికి వీలులేని పోటీ. ఐదేళ్ళ తరువాత అట్లా జరుగలేదు.

1967 ఫిబ్రవరి సాధారణ ఎన్నికలలో కాంగ్రెసుకు పెద్ద దెబ్బ తగిలింది. లోకసభలోని 520 స్థానాలలో 283 మాత్రమే దక్కాయి. బీహారు, పంజాబు, పశ్చిమ బెంగాలు, ఒరిస్సా, మద్రాసు, కేరళ రాష్ట్రాలలో ఆధిక్యం పోయింది. ఏప్రిల్ మొదటి తేదీకి ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వం కూడా కూలింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మొట్టమొదటిసారిగా, కాంగ్రెసు నిలబెట్టిన అభ్యర్థి రాష్ట్రపతి పదవికి ఓడిపోవచ్చునన్న మాట గట్టిగా వినిపించింది. అటువంటి సమయంలో ఒక ముస్లింను నిలబెట్టి చేతులు కాల్చుకోవటం ఎందుకన్న సందేహం ఆ పక్షంలోనే కొందరికి కలిగింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారినే కొనసాగించాలని కాంగ్రెసు అధ్యక్షులు కామరాజు గారి అభిమతం. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ మాత్రం జాకీర్ హుస్సేన్ పేరుపై పట్టుబట్టి నిలిచారు.

ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థి సామాన్యుడు కారు. ఆయన రాజమహేంద్రవరంలో పుట్టిన తెలుగువారు, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి, అప్పటికి సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న కోకా సుబ్బారావు గారు. పార్లమెంటు ప్రాథమిక హక్కులను హరించజాలదని చెప్పిన గోలక్‌నాథ్ తీర్పు ఆ ఫిబ్రవరిలోనే వారి నాయకత్వాన వెలువడింది. ఏప్రిల్‌లో పదవికి రాజీనామా చేసి పోటీలో దిగారు. దేశపు అత్యున్నత న్యాయపీఠం నుండి నేరుగా ఎన్నికల గోదాలోకి రావటం తగునా అని ఆనాడు విమర్శ చెలరేగింది. ఆ విమర్శలో కొంత న్యాయం ఉందని నా అభిప్రాయం. అయినను వారి విద్వత్తును, నిజాయితీని శంకించినవారు లేరు. రాజమండ్రిలో పుట్టిన వ్యక్తికీ హైదరాబాదులో పుట్టిన వ్యక్తికీ మధ్య మన శాసనసభ్యులు ఎవరో ఒకరిని ఎంచుకోవలసి వచ్చింది. తెలుగువాడన్న అభిమానానికి, పక్షపు కట్టుబాటుకు, మతం పేరిట గుసగుసలకు వారు ఎంత విలువ ఇచ్చారో చెప్పగలవారు లేరు. ఆ ఓటు రహస్యం.

ఆ ఓటు ఎటువంటిదో వివరిస్తాను. గణితం పేరు వినగానే పుట తిప్పే విద్యార్థి మిత్రులు ఒక్క క్షణం ఓపిక పట్టాలి. రాష్ట్రపతిని ఎన్నుకొనేవారు పార్లమెంటు ఉభయసభలకు ఎన్నికైన సభ్యులు, రాష్ట్ర శాసనసభలకు ఎన్నికైన సభ్యులు. నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదు. అయితే ఒక చిన్న రాష్ట్రపు శాసనసభ్యుని వెనుక కొద్దివేలమంది, పెద్ద రాష్ట్రపు శాసనసభ్యుని వెనుక లక్షకు పైగా జనం ఉంటే, ఇద్దరికీ ఒకే ఓటు ఇవ్వటం న్యాయమా? రాజ్యాంగ నిర్మాతలు కాదనుకొన్నారు. కావున మనిషిని లెక్కించక, అతని వెనుక నిలిచిన జనాన్ని తూచే పద్ధతి పెట్టారు. రాష్ట్ర జనాభాను ఎన్నికైన శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదానిని మళ్ళీ వేయితో భాగిస్తారు. మిగిలినది అయిదు వందలకు తగ్గకుంటే ఒకటి కలుపుతారు. 1961 జనాభా లెక్కల ప్రకారం మన ఆంధ్ర ప్రదేశ్ జనం సుమారు 3 కోట్ల 60 లక్షలు, శాసనసభ్యులు 287 మంది. కావున 1967లో మన సభ్యుని ఓటు విలువ 125 అయింది. 7 కోట్ల 37 లక్షల జనం, 425 మంది సభ్యులు గల ఉత్తర ప్రదేశ్‌లో అది 174.

ఇంతటితో కాలేదు. రాష్ట్రాలన్నీ కలిసి ఒక పళ్ళెంలో, కేంద్ర పార్లమెంటు మరొక పళ్ళెంలో సమానంగా తూగాలని రాజ్యాంగం 55వ అధికరణం ఆదేశిస్తున్నది. శాసనసభ్యుల ఓట్ల విలువల మొత్తాన్ని ఎన్నికైన పార్లమెంటు సభ్యుల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్క పార్లమెంటు సభ్యుని ఓటు విలువ వస్తుంది. 1967లో అది 576. పార్లమెంటు సభ్యునికి 576, మన శాసనసభ్యునికి 125 ఏమిటి, ఇది సమానత్వమా అని నన్ను అడిగిన విద్యార్థులున్నారు. త్రాసులో ఒకవైపు పెద్ద గుళ్ళు కొద్దిగాను, మరొకవైపు చిన్న గుళ్ళు ఎక్కువగాను వేసి ముల్లు నిటారుగా నిలుపుతామే, అదే ఇది. ఇక గెలుపునకు అందరికంటె ఎక్కువ ఓట్లు వస్తే చాలదు. చెల్లిన ఓట్ల విలువలో సగాన్ని దాటాలి. అందుకే ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదుట ఒకటి, రెండు, మూడు అని తన ఇష్టాన్ని వరుసగా వ్రాస్తాడు. మొదటి లెక్కలో ఎవరూ సగం దాటకపోతే అడుగున ఉన్నవారిని తొలగించి, వారి ఓట్లను తరువాతి ఇష్టం ప్రకారం పంచుతారు.

ఈ తూకంలో లోపమే లేదని నేననను. జనాభా నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోరాదని 1976లో రాజ్యాంగాన్ని సవరించి 1971 నాటి జనాభా లెక్కనే స్థిరపరిచారు. ఆ గడువును 2001 నాటి సవరణ మరింత పొడిగించింది. 2022 ఎన్నికలో కూడా ఆ పాత లెక్కతోనే తెలంగాణ సభ్యుని ఓటు 132గా, ఆంధ్ర ప్రదేశ్ సభ్యుని ఓటు 159గా నిర్ణయమయింది. అర్ధశతాబ్దం క్రితపు మనుషులను తూచి నేటి రాష్ట్రపతిని ఎన్నుకోవటంలో న్యాయమెంత అన్నది విద్యార్థులు చర్చావేదికపై వాదించదగిన అంశం. కాని 1967లో వాడినది ఆరేళ్ళ నాటి లెక్కే.

ఆ సంవత్సరం మే 6న ఎన్నిక జరిగింది. రంగంలో పదిహేడుగురు అభ్యర్థులు. వారిలో తొమ్మిదిమందికి ఒక్క ఓటు కూడా పడలేదు. ఇటువంటి వినోదాన్ని అరికట్టటానికే 1974లో పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవారు ఉండాలని శాసనం చేశారు. చెల్లిన ఓట్ల విలువ 8,38,048. గెలుపునకు 4,19,025 కావాలి. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244 వచ్చాయి. సుబ్బారావు గారికి 3,63,971 వచ్చాయి. రెండవ ఇష్టాన్ని లెక్కించవలసిన అవసరమే రాలేదు.

నూటికి యాభై ఆరు పాళ్ళు. 1962 నాటి 568, 14 అంకెల ముందు ఇది చిన్న విజయంగా కనిపిస్తుంది. నా దృష్టిలో ఇదే పెద్దది. ఏకగ్రీవమై ఉంటే దయతలచి ఇచ్చారని ఎవరైనా అనవచ్చు. ఇక్కడ ఎదుట నిలిచినది దేశం గౌరవించే న్యాయమూర్తి. అసెంబ్లీలలో సగానికి సగం కాంగ్రెసు చేయి జారాయి. ఓటు రహస్యం కనుక మతం చూసి కాదనదలచినవానికి అడ్డు చెప్పేవారు లేరు. దేశం ఆ మూల నుండి ఈ మూల వరకు అన్ని మతాల ప్రతినిధులు ఉమ్మడిగా ఒకే పెట్టెలో వేసిన కాగితాలను తూచి ఆ అంకె తేల్చారు. సుబ్బారావు గారి వంటి ప్రత్యర్థి నిలబడటం కూడా జాకీర్ సాహెబు అదృష్టమే. 1946లో ఒక మతానికైనా ప్రతినిధి కాగలరా అని ప్రశ్నించబడిన వ్యక్తి, ఇరవై ఒకటవ ఏట, అన్ని రాష్ట్రాల జనం తూకంలో సగానికి పైగా బరువు తూగారు. ఎర్రసిరాతో నేను దిద్దే మాట వెనుక ఉన్నది ఇదే.

మే 13న ప్రమాణ స్వీకారం జరిగింది. భారతదేశమంతా తన ఇల్లని, ప్రజలందరూ తన కుటుంబమని ఆ రోజున ఆయన తెలియజేశారు. రాష్ట్రపతి భవనంలో కూడా ఆయన అలవాట్లు ఉపాధ్యాయునివే. గులాబీలంటే ప్రాణం. రంగురాళ్ళు, శిలాజాలు ఏరి దాచుకొనేవారు. చండీగఢ్‌లోని సువిశాలమైన గులాబీ తోటకు ఆయన పేరే పెట్టారు.

పదవీకాలం రెండేళ్ళయినా నిండలేదు. 1969 మే 3వ తేదీన, వైద్యులు పరీక్షించటానికి వచ్చిన సమయంలోనే, రాష్ట్రపతి భవనంలో గుండె ఆగి మరణించారు. పదవిలో ఉండగా కన్నుమూసిన తొలి రాష్ట్రపతి ఆయనే. ఖాళీ అయిన పదవికి ఆగస్టులో జరిగిన ఎన్నికలో వి. వి. గిరి, నీలం సంజీవరెడ్డి గార్లు తలపడ్డారు. మొదటి లెక్కలో ఎవరూ సగం దాటలేదు. జాకీర్ హుస్సేన్ విషయంలో అవసరం పడని రెండవ ఇష్టపు ఓట్లు ఆనాడు లెక్కించి, 4,20,077 విలువతో గిరి గారు నెగ్గినట్లు ప్రకటించారు.

రాష్ట్రపతిని ఎక్కడ ఖననం చేయాలన్న ప్రశ్నకు సమాధానం వెదకవలసిన పని లేకపోయింది. జామియా ప్రాంగణంలోనే సమాధి చేశారు. హబీబ్ రహమాన్ అనే శిల్పి దానిపై పాలరాతి కట్టడాన్ని రూపొందించారు. పిల్లలు పుస్తకాలు పట్టుకొని దాని ప్రక్కనుండే తరగతులకు వెళుతుంటారు.